ధూళి రోగం – దేహరక్షణ – కార్మికుని హక్కు

(చేతివృత్తులవారు, రాతిపని కార్మికుల ఆరోగ్య సమస్యలపై జరిగిన ఒక సదస్సులో ఛాతీ వ్యాధుల వైద్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను, వైద్యుణ్ణి. ఛాతీ వ్యాధుల విభాగంలో నా జీవితంలో అధికభాగం గడిచింది. అంతకు ముందు నేను దూదేకుల ఇంటి బిడ్డను. మా తాతగారు దూది ఏకే విల్లు భుజాన వేసుకొని ఊరూరా తిరిగేవారు. ఆ విల్లు నారి మోత వినిపిస్తే చాలు, ఇల్లాళ్లు పాత పరుపులు, దిండ్లు అరుగు మీదికి తెచ్చేవారు. సాయంత్రం ఇంటికి చేరేసరికి ఆయన కనుబొమ్మలు, మీసాలు తెల్లగా ఉండేవి. రాత్రంతా దగ్గేవారు. "దూదేకేవాడికి దగ్గు రాక ఏమవుతుంది?" అని ఇంట్లో అందరూ సరిపెట్టుకునేవారు. వైద్యవిద్య చదివిన తరువాత గాని ఆ దగ్గుకు ఒక పేరున్నదని నాకు తెలియలేదు. పేరున్న రోగానికి నివారణ కూడా ఉన్నదని తెలియడానికి మరికొంత కాలం పట్టింది.

నేడు మీ ముందు ఒక విషయాన్ని వివరించదలచాను. దుమ్ము పీల్చినవాని ఊపిరితిత్తులు ఎందుకు పాడవుతాయి? దుమ్ము లోపల పేరుకొని గాలిని అడ్డుకుంటుందని చాలామంది అనుకుంటారు. అది పూర్తి నిజం కాదు. ఊపిరితిత్తులను నాశనం చేసేది ప్రధానంగా ఆ దుమ్ముపై మన దేహం సాగించే పోరాటమే. మనల్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే ఇక్కడ తెలియక హాని చేస్తుంది. ఈ సంగతి అర్థమైతే ఈ వ్యాధికి మందు ఎందుకు లేదో, నివారణ ఎందుకు హక్కుగా అడగవలసినదో తేటతెల్లమవుతుంది.

మొదట మన దేహంలోని కాపలా ఏర్పాటును చూద్దాం. ముక్కులోని వెంట్రుకలు, జిగురు పెద్ద రేణువులను పట్టివేస్తాయి. వాటిని దాటిన వాటిని శ్వాసనాళాల గోడలపై ఉండే సన్నని నూగువంటి శైలికలు కఫంతో కలిపి పైకి నెట్టివేస్తాయి. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 5 మైక్రాన్లకు లోబడిన రేణువులు మాత్రం ఈ రెండు కాపలాలనూ తప్పించుకొని వాయుగోణుల వరకు చేరగలవు. అవి మన కంటికి కనిపించవు. కార్ఖానాలో మేఘంలా లేచే దుమ్మును చూసి మనం భయపడతాం. కాని ఆ దుమ్ము నేలకు దిగిన తరువాత కూడా గంటల తరబడి గాలిలో తేలే, కంటికానని దుమ్మే ఎక్కువ ప్రమాదకరం.

వాయుగోణుల వద్ద శైలికలు లేవు. అక్కడ కాపలా కాసేవి మాక్రోఫేజ్‌లు అనే భక్షక కణాలు. ఇటువంటి కణాల పనిని లోకానికి తెలిపినవాడు ఇల్యా మెచ్నికోవ్ అనే శాస్త్రవేత్త. 1882లో ఇటలీలోని మెస్సీనా తీరంలో ఆయన నక్షత్రచేప పిల్లల పారదర్శకమైన దేహాలలో గులాబీ ముళ్లు గుచ్చి, మరునాడు చూశాడు. ముల్లు చుట్టూ సంచార కణాలు మూగి ఉన్నాయి. ఈ పరిశోధనకు 1908లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ముల్లు గుచ్చుకున్నచోట దేహం తన సైనికులను పంపుతుందన్నమాట. సూక్ష్మజీవి వస్తే ఈ కణం దానిని మింగి, తనలోని ఆమ్లపు సంచిలో జీర్ణం చేసివేస్తుంది.

అదే కణం పలుగురాతి రేణువును మింగితే ఏమవుతుందో గమనించండి. పలుగురాయి అంటే సిలికా. గ్రానైటులో, ఇసుకరాతిలో, పలకరాతిలో, అకీక్ రాతిలో ఉండేది ఇదే. కణంలోని ఆమ్లం దానిని కరిగించలేదు. పైగా అప్పుడే పగిలిన రాతి అంచులకు రసాయనిక చురుకుదనం అధికం. ఆ అంచులు ఆమ్లపు సంచి పొరను దెబ్బతీస్తాయి. లోపలి జీర్ణరసాలు కణంలోకే కారిపోతాయి. అప్పుడు కణంలోని ఇన్‌ఫ్లమసోమ్ అనే ప్రమాదఘంటిక మోగుతుంది. సిలికా, ఆస్బెస్టాస్ ధూళి ఈ ఘంటికను మోగిస్తుందని 2008లో వెలువడిన పరిశోధనలు నిరూపించాయి. ఘంటిక మోగగానే ఇంటర్‌ల్యూకిన్–1 బీటా వంటి రసాయన సందేశాలు వెలువడతాయి. ఆ పిలుపుకు మరిన్ని రక్షక కణాలు పరుగున వస్తాయి. మొదటి కణం చనిపోతుంది. దాని కడుపులోని రాతిరేణువు మాత్రం చెక్కుచెదరకుండా బయటపడుతుంది. దానిని మరొక కణం మింగుతుంది. అదీ చనిపోతుంది. ఇట్లా సైనికులు మరణిస్తూనే ఉంటారు, శత్రువుకు మరణం లేదు.

ఈ ఎడతెగని పోరులో గాయపడిన చోటును పూడ్చడానికి దేహం మరొక పని చేస్తుంది. ఫైబ్రోబ్లాస్ట్ అనే కణాలు అక్కడ కొల్లాజెన్ అనే నారను పేరుస్తాయి. చర్మంపై గాయం మానినప్పుడు ఏర్పడే మచ్చ ఇదే పదార్థం. చర్మంపై మచ్చతో నష్టం లేదు. కాని ఊపిరితిత్తి మెత్తగా సాగవలసిన అవయవం. అందులో ఉల్లిపొరల వలె ఒకదానిపై ఒకటిగా గట్టి బుడిపెలు తయారవుతాయి. కాలక్రమేణా అవి కలిసిపోయి పెద్ద గడ్డలవుతాయి. మనిషి మెట్లెక్కలేడు, పిమ్మట నడవలేడు, చివరకు నమాజులో సజ్దా చేసి లేవడానికి కూడా ఆయాసపడతాడు. దీనినే సిలికోసిస్ అంటారు.

ఇందులో మూడు విషయాలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

మొదటిది, పని మానివేసినా వ్యాధి ఆగకపోవచ్చు. లోపల చేరిన రాయి కరగదు గనుక పోరాటం ముగియదు. సాధారణంగా పదేళ్లకు పైబడిన పని తరువాత బయటపడే ఈ వ్యాధి, దుమ్ము మోతాదు అధికంగా ఉన్నచోట అయిదేళ్లలోనే, ఒక్కొక్కప్పుడు అంతకంటే ముందే కూడా రావచ్చు. అయినా ముందుగా గుర్తించి ఆ దుమ్ము నుండి తప్పించడం తప్పక మేలు చేస్తుంది. లోపలికి చేరిన దుమ్ము ఎంత తక్కువైతే నష్టం అంత తక్కువ.

రెండవది, క్షయవ్యాధితో దీనికున్న సంబంధం. క్షయక్రిమిని అదుపులో ఉంచవలసినది కూడా ఈ మాక్రోఫేజ్ కణమే. రాతితో పోరాడి కుంగిపోయిన కణం క్రిమిని నిలువరించలేదు. అందుచేత సిలికా పీల్చిన వానికి క్షయ సోకే ప్రమాదం ఇతరులకంటే ఎన్నోరెట్లు అధికం. ఒకే మనిషికి రెండు రోగాలూ ఉండవచ్చు.

మూడవది, ఈ గందరగోళం ఊపిరితిత్తులకే పరిమితం కాదు. నిరంతరం రెచ్చగొట్టబడిన రోగనిరోధక వ్యవస్థ కొందరిలో తన దేహాన్నే పరాయిదిగా భ్రమిస్తుంది. చర్మం బిగుసుకుపోయే స్క్లెరోడెర్మా అనే వ్యాధి రాతిపనివారిలో కనిపిస్తున్నదని ఎడిన్‌బరో వైద్యుడు బైరమ్ బ్రామ్‌వెల్ 1914లోనే గుర్తించాడు. కీళ్లవాతం కూడా వీరిలో అధికమే. మోకాళ్ల నొప్పులని వచ్చిన రాతికార్మికుని ఛాతీని కూడా పరీక్షించడం వైద్యుని బాధ్యత.

సోదరులారా! ఇప్పుడు నా తప్పిదం ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఒక యువకుడు దగ్గుతో, ఆయాసంతో వచ్చాడు. కఫం పరీక్షలో క్షయక్రిమి కనిపించలేదు. అయినా ఎక్స్‌రేలో మచ్చలు చూసి క్షయ మందులు మొదలుపెట్టాను. ఆరు మాసాలు వాడాడు. తగ్గలేదు. మందులు సక్రమంగా వాడలేదని అతనినే మందలించి, మరల మొదలుపెట్టాను. రెండవ పర్యాయం పూర్తికాకుండానే అతను మరణించాడు. కొద్దికాలానికి అతని భార్య ఇద్దరు పిల్లలతో వచ్చి, "డాక్టరుగారూ, మా ఆయన రాయి పాలిష్ పట్టే పని వల్లనే పోయాడని ఒక కాగితం రాసివ్వండి" అని అడిగింది. ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. అతని చీటీలన్నీ తిరగవేశాను. పేరున్నది, వయస్సున్నది, ఊరున్నది. వృత్తి లేదు. నేను అడగలేదు. ఆ చీటీల నిండా నా చేతిరాతతో క్షయ అనే ఉన్నది. ఆ రాతతోనే యజమాని వారిని తిప్పిపంపాడు.

వృత్తిరోగాల శాస్త్రానికి ఆద్యుడైన ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని 1700లో వెలువరించిన గ్రంథంలో, రోగిని అడగవలసిన ప్రశ్నలలో అతని వృత్తిని గూర్చిన ప్రశ్నను కూడా చేర్చాలని వైద్యులను కోరాడు. మూడు శతాబ్దాల తరువాత కూడా నేను ఆ ప్రశ్న అడగలేదు. అందుకు ఒక కుటుంబం మూల్యం చెల్లించింది. అప్పటినుండి వృత్తి రాయకుండా నేను ఒక్క చీటీపై కూడా సంతకం చేయలేదు.

ఇక మా తాతగారి దగ్గు సంగతికి వస్తాను. దూది దుమ్ము రాతిదుమ్ము వంటిది కాదు. అది ఊపిరితిత్తులలో గట్టి బుడిపెలు కట్టదు. పత్తికాయ చుట్టూ ఉండే ఎండుటాకుల నలుసులపై కొన్ని రకాల బ్యాక్టీరియాలు నివసిస్తాయి. వాటి గోడలోని ఎండోటాక్సిన్ అనే పదార్థం దూదితోపాటు లోపలికి పోతుంది. మన రక్షక కణాలపై ఈ పదార్థాన్ని గుర్తుపట్టే గ్రాహకం ఒకటి ఉన్నది. దానిని కనుగొన్న బ్రూస్ బ్యూట్లర్‌కు 2011లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. క్రిములు దండెత్తాయని ఆ కణాలు భ్రమపడి కొద్ది గంటలలోనే శ్వాసనాళాలను వాచేటట్లు చేస్తాయి. ఛాతీ బిగుసుకుంటుంది, దగ్గు వస్తుంది. దీనిని బిస్సినోసిస్ అంటారు.

దీనికొక విచిత్ర లక్షణం ఉన్నది. సెలవు తరువాత పనిలోకి దిగిన మొదటి రోజునే బాధ అధికం. మరునాటికి దేహం కొంత మొద్దుబారి బాధ తగ్గినట్లనిపిస్తుంది. ఇంగ్లండులోని బట్టల మిల్లుల కార్మికులు దీనిని సోమవారపు జబ్బుగా ఎరుగుదురు. మా తాతగారికి మాత్రం ఇది పండుగ మరునాటి జబ్బు. ఈదుకు నాలుగు రోజులు విల్లు పక్కన పెట్టి, అయిదవ రోజు పట్టగానే ఛాతీ బిగుసుకునేది. "పండుగ తిండి పడలేదు" అనేవారు మా నానమ్మ. నిజానికి నాలుగు రోజులు విశ్రాంతి తీసుకున్న దేహరక్షణ మళ్లీ మేల్కొని ఘంటిక కొట్టేది. ఏళ్లు గడిచేకొద్దీ ఈ బాధ వారమంతా ఉంటుంది. చివరకు శాశ్వతమైన ఆయాసంగా మిగులుతుంది. దీనిని ఎక్స్‌రే చూపదు. సెలవు తరువాతి మొదటి రోజున, పనికి ముందూ పనికి తరువాతా ఊదించి శ్వాసబలం కొలిస్తే గాని పట్టుబడదు. మన జిన్నింగు మిల్లులలో పనిచేసే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎక్స్‌రే బాగున్నదనే మాటతో సరిపెట్టుకోవద్దని మనవి.

ఇప్పుడు మీ చేతివేళ్ల వైపు ఒకసారి చూసుకోండి. మనలో కొందరి వేళ్లకు అకీక్ ఉంగరాలున్నాయి. కొందరి జేబులలో అకీక్ పూసల తస్బీహ్ ఉన్నది. మన దేశంలో అకీక్ పనికి శతాబ్దాలుగా పేరుపొందిన ఊరు గుజరాతులోని ఖంభాత్. ఈ వృత్తివారు భక్తితో తలచుకునే బావా గోర్, ఆఫ్రికా నుండి వచ్చిన సిద్దీ ముస్లిం వలీ. ఆయన దర్గా భరూచ్ జిల్లాలోని రతన్‌పూర్ వద్ద అకీక్ గనుల గుట్టలపైనే ఉన్నది. అకీక్ రాయి దాదాపు పూర్తిగా సిలికాయే. దానిని సానచక్రంపై అరగదీసే కార్మికులు ఆ ధూళినే పీలుస్తారు. అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ అక్కడ పరిశోధనలు జరిపి, కార్మికులలో సిలికోసిస్ ఉన్నదని నిర్ధారించింది. ధూళిని పుట్టినచోటనే లాగివేసే పరికరాన్ని కూడా రూపొందించింది. ఈ పనివారిలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. రాతిరేణువు ఎవరి మతమూ అడగదు.

అయితే ఆ సానచక్రం ముందు కూర్చోవలసిన స్థితి ఎవరికి కలుగుతున్నదన్న ప్రశ్న మాత్రం మనం అడిగి తీరాలి. 1930లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో హాక్స్ నెస్ట్ అనే సొరంగం తవ్వారు. దారిలో సిలికా అధికంగా ఉన్న రాయి తగిలింది. దుమ్ము అణచడానికి నీరు వాడకుండా తొలిపించారు. లోపల పనిచేసినవారిలో అత్యధికులు పనికోసం వలసవచ్చిన నల్లజాతివారు. వందలమంది మరణించారు. మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, అలీరాజ్‌పూర్, ధార్ జిల్లాల ఆదివాసులు గుజరాతులోని పలుగురాతి పొడి కర్మాగారాలకు వలసపోయి ఇదే వ్యాధికి బలైపోయారు. బలహీనుడు ఎక్కడైనా దుమ్ము ఉన్నవైపే నిలబెట్టబడుతున్నాడు.

2006లో సమర్పించబడిన సచార్ కమిటీ నివేదిక, ముస్లిం శ్రామికులలో స్వయం ఉపాధిపై, ఇంటివద్ద చేసే పనులపై ఆధారపడినవారు ఇతరులకంటే ఎక్కువని వెల్లడించింది. ఇంటిపని అంటే యజమాని కనిపించని పని. సిలికోసిస్, బిస్సినోసిస్ రెండూ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే, వైద్యుడు ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో చోటుచేసుకున్నాయి. 1923 నాటి పరిహార చట్టం కూడా వీటిని వృత్తిరోగాలుగా గుర్తించింది. అయితే ఫ్యాక్టరీ అనిపించుకోవాలంటే విద్యుత్తు ఉన్నచోట 10 మంది, లేనిచోట 20 మంది పనివారు ఉండాలని ఆ చట్టం అన్నది. కొత్త కార్మిక స్మృతి ఆ సంఖ్యలను 20కి, 40కి పెంచింది. ఇంటి వసారాలో ఒక సానచక్రం పెట్టుకొని, షావుకారు ఇచ్చిన రాయిని ముక్కకింత చొప్పున అరగదీసే కుటుంబం ఏ లెక్కలోకి వస్తుంది? అక్కడ దుమ్ము పీల్చేవాడు పనివాడొక్కడే కాదు. వంట చేసే ఇల్లాలు, ఉయ్యాలలోని బిడ్డ కూడా అదే గాలి పీలుస్తారు.

నిరాశ పడవలసిన పని లేదు. మధ్యప్రదేశ్ ఆదివాసుల తరఫున 2006లో సుప్రీంకోర్టులో దాఖలైన వ్యాజ్యంలో, మరణించిన 238 మంది కుటుంబాలకు ఒక్కొక్కరికి 3 లక్షల రూపాయల వంతున పరిహారం చెల్లించాలని 2016లో న్యాయస్థానం గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. రాజస్థాన్ ప్రభుత్వం 2019లో ధూళి రోగాలపై ప్రత్యేక విధానం ప్రకటించింది. ధ్రువీకరణ పొందిన రోగికి 3 లక్షలు, మరణానంతరం కుటుంబానికి 2 లక్షలు, నెలనెలా పింఛను అందులో ఉన్నాయి. అసంఘటిత కార్మికుడు కూడా అర్హుడే. ఇవి దానాలు కావు. కార్మికులు, వారి వితంతువులు ఏళ్ల తరబడి కాగితాలు పట్టుకొని తిరిగి సాధించుకున్న హక్కులు.

మరి మనం ఏమి చేయాలి? తాండూరు, బేతంచెర్ల రాతి పాలిష్ యూనిట్లలో, మార్కాపురం పలకల పరిశ్రమలో, క్రషర్లలో పనిచేసేవారికి నా మనవి ఇది. రాయిని తడిపి కోయండి, తడిపి అరగదీయండి. నీటిలో చిక్కిన దుమ్ము గాలిలోకి లేవదు. నేలను పొడిగా చిమ్మకండి, తడిపి తుడవండి. ముఖానికి చుట్టుకున్న తువాలు కంటికి కనిపించని రేణువును ఆపదు. ముఖానికి అతుక్కుని కూర్చునే అసలైన వడపోత మాస్కు అవసరం. అయితే మాస్కు చివరి ఆయుధమే. మొదటిది నీరు, రెండవది ధూళిని లాగివేసే యంత్రం. ఆ రెండూ ఏర్పాటు చేయడం యజమాని బాధ్యత. పనిబట్టలతో ఇంటికి వెళ్లి పిల్లలను ఎత్తుకోకండి. బీడీ, సిగరెట్లు మానండి.

దవాఖానాకు వెళ్లినప్పుడు, డాక్టరు అడిగినా అడగకపోయినా, మీరు చేసే పని ఏమిటో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో చెప్పండి. అది చీటీపై రాయించుకోండి. క్షయ అని చెబితే మందులు తప్పక వాడండి, మానవద్దు. కాని దానితోపాటు సిలికోసిస్ ఉన్నదేమో చూడమని అడగండి. ఒకటి ఉన్నంత మాత్రాన రెండవది లేదని కాదు. ప్రతి ఎక్స్‌రేను, ప్రతి చీటీని, కూలి ముట్టిన ప్రతి కాగితాన్ని ఒకచోట భద్రపరచండి. మీ తరువాత మీ ఇంటివారికి అదే సాక్ష్యం.

యువకులారా! మీలో చదువుకున్నవారున్నారు. ప్రతి బస్తీలో రాతిపని, దూదిపని చేసేవారి జాబితా మీరే తయారుచేయండి. వారి కాగితాలు సరిచూడండి. రాజస్థాన్ తరహాలో ఇంటివద్ద పనిచేసేవారిని కూడా కలుపుకొనే సమగ్ర విధానాన్ని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాల నుండి కోరండి. ఆ కోరికలో దళిత, ఆదివాసీ, వెనుకబడిన వర్గాల కార్మిక సోదరులను వెంట తీసుకువెళ్లండి. వారూ మనమూ పీల్చేది ఒకే గాలి.

చివరగా ఒక మాట. మచ్చకట్టిన ఊపిరితిత్తిని మళ్లీ మెత్తబరచే మందు నేటికీ లేదు. దేహం తన శక్తికొలది పోరాడుతుంది, ఆ పోరాటంలోనే నశిస్తుంది. లోపలికి చేరిన రాతిని అది ఓడించలేదు. కనుక ఆ రాయి లోపలికి పోకుండా చూడవలసిన పని వెలుపల ఉన్న మనది, యజమానులది, ప్రభుత్వాలది. ఆనాడు కాగితం కోసం వచ్చిన ఆ సోదరికి నేను ఏమీ ఇవ్వలేకపోయాను. మీలో ఏ ఒక్కరి ఇంటివారూ ఆ విధంగా వట్టిచేతులతో తిరిగి వెళ్లకూడదనే నేను ఇంత దూరం వచ్చాను.